గోల్డెన్ యాత్ర, స్నోమొబైల్ బృందం: ఎవరి సామగ్రి వారి ఒంటి మీదే

సమన్వయకర్త, ఒంగోలు నుంచి

అందరికీ నమస్కారం. సంక్రాంతికి వచ్చి ఇంకా ఒంగోలులోనే ఉన్నాను, నెలాఖరుకు కాల్గరీ చేరతాను. ఫిబ్రవరిలో వచ్చే ఫ్యామిలీ డే సెలవుల్లో మన నెల్లూరు, ప్రకాశం కుటుంబాలు కలిసి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కొండల్లో ఉన్న గోల్డెన్ పట్టణానికి వెళ్లే యాత్ర పనులు అంతవరకు ఆగకూడదని ఇక్కడి నుంచే రాస్తున్నాను. బస, వంటలు, పిల్లల ఆటల గురించి విడిగా మాట్లాడుకుంటున్నాం కనుక ఇక్కడ స్నోమొబైళ్ల, అంటే మంచు మీద నడిపే బండ్ల సంగతి మాత్రమే చూద్దాం.

గైడు వెంట చదును చేసిన బాటలో తిరిగి రావడం కాదు, క్వార్ట్జ్ క్రీక్ వైపు పై కొండల్లోకి వెళ్దామని మన కుర్రాళ్లు కొందరు ఉత్సాహపడుతున్నారు. కాదనను. అయితే అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, దారి చెప్పే మనిషి ఉండడు, వాలు మీద పేరుకున్న మంచు ఏ పొర దగ్గర జారడానికి సిద్ధంగా ఉందో పైనుంచి చూస్తే తెలియదు. అందుకని ఒక నియమం పెడుతున్నాను. బీకన్ (మంచు కింద చిక్కినవారిని కనిపెట్టడానికి సంకేతం పంపే, అందుకునే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఒంటి మీద లేనివారు, వాటితో సాధన చేయనివారు సంఘం తరఫున పై కొండలకు వెళ్లకూడదు. బృందంలో ఒక్కరికి తక్కువైనా ఆ రోజు అందరూ బాటలోనే ఉండాలి.

ఒక్కరి కోసం అందరినీ ఆపడం అన్యాయమని కొందరికి అనిపించవచ్చు. ఆలోచించండి: కూరుకుపోయింది నేనైతే నా పార నాకు పనికిరాదు, నా వెనక వచ్చేవారి పారే నన్ను బయటికి తీయాలి. మంచు చరియ కింద చిక్కినవారిలో ఎక్కువమంది ఊపిరాడకే చనిపోతారు. మొదటి పది, పదిహేను నిమిషాలు దాటితే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. హెలికాప్టరు వచ్చేసరికి ఆ సమయం గడిచిపోతుంది కనుక పక్కనున్న మనమే రక్షకులం.

2010 మార్చి 13న బ్రిటిష్ కొలంబియాలోనే రెవెల్‌స్టోక్ పట్టణం దగ్గర బౌల్డర్ పర్వతం మీద స్నోమొబైల్ వేడుక చూడటానికి సుమారు 200 మంది గుమికూడిన చోట మంచు చరియ విరిగిపడింది. ఇద్దరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. పదిమందిని పిలిచి వేడుక చేసే ఏ సంఘమైనా ఆ రోజును గుర్తుంచుకోవాలి.

రవాణా బాధ్యులు

అన్నా, మూడూ ఒంటి మీద ఎందుకు? బండి వెనక సంచి ఉంది, అందులో పెట్టుకుంటే భుజాలకు బరువు తగ్గుతుంది కదా. ఫోనులో లొకేషన్ కూడా ఉంది. కుర్రాళ్లు నన్ను అడిగిన మాటలే ఇవి.

సమన్వయకర్త

నిన్న కొత్తపట్నం వెళ్లాను. ఒడ్డున ఒక పెద్దాయన పడవలో సామాను సర్దుతున్నారు. లైఫ్ జాకెట్లను వలల అడుగు నుంచి లాగి, ఉప్పు పట్టిన పట్టీలను ఒక్కొక్కటి గుంజి చూసి, తెగిన పట్టీ ఉన్నదాన్ని పక్కకు విసిరేశారు. వల కింద ఉన్న జాకెట్ పడవతో పాటే మునుగుతుందని కొడుకుకు చెబుతున్నారు. బండి సంచిలోని పార సంగతీ అంతే. చరియ వచ్చినప్పుడు మనిషి ఒకవైపు, బండి ఒకవైపు పడతారు.

బీకన్ జాకెట్ లోపల, ఒంటికి కట్టుకునే పట్టీలో ఉండాలి. వీపు సంచిలో కూడా వద్దు, మంచు సంచిని లాగేసుకుంటుంది. ప్రోబ్, పార మాత్రం వీపు సంచిలో ఉంచాలి. ప్రోబ్ కనీసం 240 సెంటీమీటర్లు, 300 అయితే ఇంకా మంచిది. పార పలక లోహానిది, పిడి పొడవుగా సాగేది కావాలి. జారి ఆగిన మంచు గట్టిగా బిగుసుకుపోతుంది, ప్లాస్టిక్ పార దాని మీద విరుగుతుంది.

ఫోనును బీకన్‌కు బదులు అనుకోవద్దని కుర్రాళ్లకు గట్టిగా చెప్పండి. మంచు కింద ఉన్న మనిషిని అది చూపించదు, పైగా బీకన్ పనికి అడ్డుతగులుతుంది. బీకన్ సంకేతం పంపుతున్నప్పుడు ఫోన్, రేడియో, వేడి చేసే చేతి తొడుగుల బ్యాటరీ వంటివన్నీ కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతుకుతున్నప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఏ కంపెనీ బీకన్ అయినా 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది కనుక అందరూ ఒకే రకం కొనక్కర్లేదు. మూడు యాంటెన్నాలున్న డిజిటల్ బీకన్ అయితే చాలు. ఈ ఒక్కసారికే అయితే కాల్గరీలో మూడింటినీ కలిపి అద్దెకు ఇస్తారు.

వంటల బాధ్యులు

తమ్ముడూ, మా అబ్బాయి ఎయిర్‌బ్యాగ్ ఉన్న వీపు సంచి కొంటానంటున్నాడు. అది ఉంటే బీకన్ అక్కర్లేదట, నిజమేనా? ఇంకొకటి. నెల్లూరు నుంచి అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు. వాళ్లను అక్కడి నుంచి ఏం తెచ్చుకోమనాలి?

సమన్వయకర్త

అక్కా, అబ్బాయిని ఎయిర్‌బ్యాగ్ కొనుక్కోమనండి, మంచి వస్తువే. కదులుతున్న మంచులో పెద్ద ముక్కలు పైకి తేలతాయి. పిడి లాగగానే సంచి ఉబ్బి మనిషిని పెద్దవాడిని చేస్తుంది కాబట్టి పైన ఉండే అవకాశం పెరుగుతుంది. కానీ మంచు అతన్ని చెట్ల మీదికి విసిరినా, లోయలోకి తోసి పైన పేరుకున్నా అది కాపాడలేదు. పిడి లాగే వ్యవధి దొరకకపోవచ్చు కూడా. కనుక అది ఆ మూడింటికి తోడే తప్ప వాటికి బదులు కాదు.

అత్తయ్యగారూ మామయ్యగారూ బాట మీద గైడు వెనక కూర్చుంటే చాలు. హెల్మెట్, పైన వేసుకునే సూటు, బూట్లు అద్దె దుకాణమే ఇస్తుంది. వాళ్లు తేవలసింది ఉన్ని లోదుస్తులు, ఉన్ని మేజోళ్లు. నూలు బనియన్లు, నూలు మేజోళ్లు ఒంటికి తగలకూడదు. చెమటకు తడిసిన నూలు ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. చీర మీద సూటు ఎక్కదు కాబట్టి అత్తయ్యగారికి ముందే చెప్పి ఒప్పించండి. శాలువా, వేలాడే చున్నీ, పొడుగు మఫ్లర్ బండి పట్టాలో చిక్కుకునే ప్రమాదం ఉంది, అవి బస దగ్గరే ఉంచాలి. మెడకు బిగుతుగా ఉండే ఉన్ని తొడుగు కొనండి. మంకీ టోపీ హెల్మెట్ కింద మడతలు పడి నొప్పి పెడుతుంది, దానికి బదులు పల్చని ముసుగు తీసుకోండి.

ఇక్కడ పొద్దున్న చలి అంటే స్వెట్టరుతో పోయేదే కనుక అక్కడి లెక్క వాళ్లకు అంకెల్లో చెప్పండి. మైనస్ 20 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి మైనస్ 33లా ఉంటుంది. బండి కదిలితే చాలు, ఆ గాలి పుడుతుంది. ఇద్దరికీ మధుమేహం ఉందన్నారు కాబట్టి కాలివేళ్లకు స్పర్శ తగ్గినా తెలియకపోవచ్చు. బండి ఆగిన ప్రతిసారీ వేళ్లు కదిలించమనండి, లోపలికి రాగానే పాదాలు మీరే చూడండి.

రవాణా బాధ్యులు

సరే అన్నా. ఇంకేం రాసుకోవాలి?

సమన్వయకర్త

ముఖమంతా మూసే హెల్మెట్, రెండు పొరల అద్దమున్న గాగుల్స్, ఛాతీకీ వెన్నుకూ కవచం. ఇంజను ఆపే తాడును జాకెట్‌కు తగిలించుకోవడం ఎవరూ మరవకూడదు. మనిషి జారిపడితే బండి ఆగేది దానివల్లే. చేతి తొడుగులు ఇంకో జత. బండ్లకు అదనపు బెల్టు, స్పార్క్ ప్లగ్గులు, లాగే తాడు. చీకటి పడితే తలకు కట్టుకునే దీపం, నిప్పు రాజేసే సామగ్రి, చిన్న రంపం, ప్రథమ చికిత్స పెట్టె, రాత్రంతా గడపాల్సి వస్తే కప్పుకోవడానికి తేలికపాటి గుడారపు గుడ్డ.

ఇన్‌రీచ్ వంటి ఉపగ్రహ సందేశ పరికరాలు రెండు కావాలి, రెండూ ఒకరి దగ్గరే ఉండకూడదు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో బస దగ్గర ఉండేవారికి రాసి ఇవ్వాలి. ఆ వేళ దాటితే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయడం వాళ్ల పని, మొహమాటపడి ఇంకో గంట చూద్దామనుకోవద్దు. మందు విషయం సూటిగా చెబుతున్నాను: తాగినవారికి తాళం చెవి ఇవ్వం. వేడెక్కినట్టు అనిపిస్తుంది గానీ ఒంటి వేడి తొందరగా పోతుంది.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం మంచు చరియల ప్రమాదాన్ని అంచనా వేసే అవలాంచ్ కెనడా సంస్థ ఇచ్చే అంచనా చదవాలి. ప్రమాద స్థాయిలు ఐదు. మూడో స్థాయి ‘గణనీయం’ గానీ ఆపైన గానీ ఉంటే పై కొండలు రద్దు. మూడు అంటే మధ్యలో ఉంది కదా అని వాదించకండి, మనుషులే చరియను కదిలించే అవకాశం ఎక్కువున్న స్థాయి అది. రెండో స్థాయిలో కూడా వాలు మీద ఒక్కరే, మిగిలినవారు చరియ చేరలేని చోట, బండి ముందు భాగం తప్పించుకునే దిక్కుకు పెట్టి చూస్తూ ఉండాలి. బండి ఇరుక్కున్నవాడి దగ్గరికి ఇంకొకడు ఎక్కి వెళ్లకూడదు. మన స్నేహాలకు ఇది కష్టమే, అయినా పాటించాలి. బృందాన్ని నడిపేవారికి మంచు చరియల ప్రాథమిక కోర్సు పూర్తయి ఉండాలి, లేకపోతే గైడునే మాట్లాడుకుందాం.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఉదయం ఉద్యానవనంలో సాధన. పనిచేస్తున్న బీకన్‌ను సంచిలో పెట్టి పాతిపెడతాను. ఒక్కొక్కరూ వెతకాలి, తమ బీకన్‌ను మంచుకు ఆనించి దూరం అంకె అతి తక్కువగా చూపే చోటు పట్టుకోవాలి, అక్కడి నుంచి చుట్టూ 25 సెంటీమీటర్ల ఎడంతో ప్రోబ్ గుచ్చాలి. తగిలిన ప్రోబ్‌ను పీకకుండా అక్కడే ఉంచి, వాలు కింది వైపు నుంచి లోపలికి తవ్వుకుంటూ రావాలి. పార పట్టిన ఇద్దరికీ అలసట రాకముందే వెనకవారు చోటు మారాలి. పది నిమిషాల్లో సంచి బయటికి రాకపోతే మళ్లీ పాతిపెడతాను.

రవాణా బాధ్యులకు ఒక మాట. గోల్డెన్ రహదారి మీద ఏప్రిల్ 30 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి, గాడి లోతు 3.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ప్రతి కారునూ చూడండి.

రవాణా బాధ్యులు

కార్లు ఈ వారమే చూస్తాను. బీకన్లు ఆరు అద్దెకు చెప్పాను. బ్యాటరీలు వాళ్లే ఇస్తారా, మనం కొనాలా?

సమన్వయకర్త

మనమే కొత్తవి కొందాం. కంపెనీ వేరే చెప్పకపోతే ఆల్కలైన్‌వే, రీఛార్జ్ చేసేవి వద్దు. నాకు ఉదయం 8:30 అంటే మీకు ముందు రోజు రాత్రి 8. రేపు ఆ వేళకు ఫోన్‌లో ఉంటాను, పేర్ల జాబితా దగ్గర పెట్టుకోండి.