ఆధార్‌లో పుట్టిన సంవత్సరం దిద్ది కార్డు కొట్టిస్తే కేసు ఎవరి మీద?

నాగావళి గట్టు: వృద్ధాప్య పింఛనుకి 60 నిండాలి. వయసు చాలలేదని ఆధార్ పీడీఎఫ్‌లో సంవత్సరం మార్చి పీవీసీ కార్డు కొట్టిస్తే, శిక్ష షాపువాడికా, తీసుకున్నవాడికా? మధ్యలో బ్రోకరుకి ఏటవుద్ది? శ్రీకాకుళం కోర్టుల్లో పనిచేసేవాళ్లు సెక్షన్లతో చెప్పండి.

చార్జిషీటు: ముందు తేదీ చూడాలండి. 2024 జూలై 1కి ముందు చేసిన పనైతే ఐపీసీ (466, 468, 471, 420), ఆ తర్వాతదైతే దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత).

బీఎన్ఎస్ 337లో ఓటరు కార్డు, ఆధార్ పేర్లు పెట్టి మరీ రాశారు. 7 ఏళ్ల దాకా జైలు, జరిమానా. మోసం కోసం చేసిన ఫోర్జరీకి 336(3), అదీ 7 ఏళ్లే. ఆ కార్డుతో పింఛను డబ్బు తీసుకున్నారా, 318(4), అంటే మోసం, కూడా కలుస్తుంది.

"కొట్టింది షాపువాడు, నాకేటి" అనే మాట చెల్లదు. నకిలీదని తెలిసి వాడితే 340(2) కింద తయారుచేసినవాడి శిక్షే పడుతుంది. ఇంకా వాడలేదు, అసలుదిగా చూపిద్దామని జేబులో పెట్టుకున్నారంతే అనుకోండి, అప్పుడూ 339 ఉంది. బ్రోకరుకి 61(2), అంటే కుట్ర. షాపులో తహసీల్దారు నకిలీ ముద్ర దొరికితే 341 విడిగా పడుతుంది.

ఒక మెలిక: 337 ఒక్కటే అయితే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుకే ఎఫ్ఐఆర్‌లో ఆ అనుమతి అక్కర్లేని 336(3), 318(4) పక్కనే కనబడతాయి. ఇవన్నీ 7 ఏళ్లకి మించనివే కాబట్టి మామూలుగా ముందు హాజరు కమ్మని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) నోటీసు వస్తుంది. నోటీసుకి వెళ్లకపోతే అరెస్టు చేయొచ్చు.

నాగావళి గట్టు: మరి ఆధార్ చట్టం పెట్టరా?

చార్జిషీటు: దాని 34, 35 సెక్షన్లు వేరొకరిలా నటించి నమోదు చేయించుకోవడానికీ, వేరొకరి వివరాలు మార్చడానికీ. 3 ఏళ్ల దాకా జైలు, 10,000 దాకా జరిమానా. పీడీఎఫ్ దిద్దితే డేటాబేసులో అక్షరం కదలదు కదా, ఇక్కడ అవి అతకవు. పైగా యూఐడీఏఐ (ఆధార్ ఇచ్చే సంస్థ) గానీ ఆ ఆధార్ సొంతదారు గానీ ఫిర్యాదు చేస్తేనే కోర్టు విచారణకి తీసుకుంటుంది.

దొరికిపోయేది క్యూఆర్ దగ్గరే. పైన అచ్చు మారినా క్యూఆర్‌లో పాత పుట్టిన తేదీయే ఉంటుంది, దాని మీద డిజిటల్ సంతకం ఉంటుంది. సచివాలయంలో స్కాన్ చేస్తే రెండు తేదీలూ ఎదురెదురుగా కనబడతాయి. క్యూఆర్ గీకేసిన కార్డు తెస్తే అనుమానం ఇంకా ముందే వస్తుంది.

బారువ తీరం: మనవైపు ఆధార్ కంటే సీడీసీ (ఓడ ఉద్యోగికి ఉండాల్సిన గుర్తింపు, సర్వీసు పుస్తకం) గురించి ఎక్కువ అడగాలి. ఓడ ఉద్యోగమని లక్షలు తీసుకుని నకిలీ సీడీసీ చేతిలో పెడితే, తెలిసి వాడిన కుర్రాడూ ముద్దాయే. నిజంగా తెలియకపోతే 340 పడదు. కానీ ఆ సంగతి వాట్సాప్ మెసేజీలు, డబ్బు పంపిన రసీదులే చెప్పాలి, చెరిపేయకండి. డబ్బు కట్టకముందే ఇండోస్ నంబరు (నావికుడికిచ్చే గుర్తింపు సంఖ్య) కేంద్ర నౌకాయాన శాఖ డీజీ షిప్పింగ్ సైటులో కొట్టి చూడండి. ఏజెంటుకి ఆర్‌పీఎస్‌ఎల్ (ఓడలకి మనుషుల్ని పెట్టే అనుమతి) లైసెన్సు ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

మీసేవ పక్కన: ఆధార్‌లో తేదీ నిజంగానే తప్పు పడి ఉంటే జనన ధ్రువపత్రమో, పదో తరగతి మార్కుల జాబితానో పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లండి. పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మారుస్తారు. అది అయిపోయుంటే 1947కి ఫోన్ చేసి, హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి పెట్టుకోవాలి.