సుజేర్ పద్యంలో వెలుగు సరే, ఆ ‘నడుమ’ ఏది?

లాటిన్ పద్యాల మీద చర్చ నడుస్తోంది కాబట్టి నాకు చాలా ఇష్టమైన ఒకటి పెడుతున్నాను. పారిస్‌కి ఉత్తరాన ఉన్న సాన్‌దెనీ మఠం చర్చి తూర్పు భాగాన్ని 1144 జూన్ 11న ప్రతిష్ఠించినప్పుడు మఠాధిపతి సుజేర్ రాసుకున్నది. గోతిక్ కట్టడాల (మొనదేలిన కమానులు, పెద్ద కిటికీలు ఉండే ఐరోపా శైలి) చరిత్ర మొదలుపెట్టేటప్పుడు ఎక్కువమంది ముందు చెప్పే చర్చి ఇదే. ఫ్రాన్స్ రాజుల్లో చాలామంది సమాధులు ఉన్నది కూడా ఇక్కడే.

పార్స్ నోవ పోస్టెరియోర్ దుమ్ యుంగితుర్ ఆంతెరియోరి,
ఔల మికత్ మెదియో క్లారిఫికాత సుఓ.
క్లారెత్ ఏనిమ్ క్లారిస్ క్వోద్ క్లారే కొంకొపులాతుర్,
ఎత్ క్వోద్ పెర్ఫుందిత్ లుక్స్ నోవ, క్లారెత్ ఓపుస్
నోబిలే...

భావం సుమారుగా: “కొత్త వెనుక భాగం ముందు భాగంతో కలుస్తుండగా, నడుమ కూడా వెలుగు నింపుకుని ఈ శాల మెరుస్తుంది. వెలుగుతో వెలుగులా కలిసింది వెలుగుతుంది కదా, కొత్త వెలుగు నిండిన ఈ ఘనమైన పని వెలుగుతోంది.”

ఒకే ధాతువును క్లారిఫికాత, క్లారెత్, క్లారిస్, క్లారే అని అన్ని రూపాల్లో తిప్పాడు. మన లాటానుప్రాసకు దగ్గరి చుట్టం. పైగా లాటిన్‌లో ‘క్లారుస్’ అంటే వెలిగేదీ, పేరుపొందినదీ రెండూను. కీర్తి తెల్లగా ఉంటుందనే కవిసమయం తెలిసిన మనకి ఇది వివరించాల్సిన పనే లేదు.

ఈ పద్యం ఎత్తినప్పుడల్లా అందరూ ‘లుక్స్ నోవ’, అంటే ‘కొత్త వెలుగు’ దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ‘మెదియో’, ఆ ‘నడుమ’ అన్న మాటే ప్రాణం అనిపిస్తుంది, ఎందుకంటే అది అలంకారం కాదు, కట్టడం ప్లాను. ముందు భాగం అంటే పడమటి ముఖద్వారం వైపు, 1140 జూన్‌లో ప్రతిష్ఠ అయిపోయింది. వెనుక భాగం అంటే బలిపీఠం ఉండే తూర్పు వైపు, 1140 జూలైలో పునాది వేసి మూడేళ్ళ మూడు నెలల్లో లేపామని సుజేరే రాశాడు. ఈ రెండు కొత్త ముక్కల మధ్యన పాత చర్చి, 775లో ప్రతిష్ఠించినది, అలాగే నిలబడి ఉంది. ఇరుకైనది, చీకటిది. పండగ రోజుల్లో తోపులాట ఎలా ఉండేదంటే ఆడవాళ్ళు మగవాళ్ళ తలల మీదుగా నడిచి బలిపీఠం దాకా వెళ్ళేవాళ్ళట, ఆ మాట కూడా ఆయనే రాశాడు.

అంటే పద్యం రాసేనాటికి నడుమ వెలగలేదు! ఆ పాత గోడల్ని స్వయంగా క్రీస్తే వచ్చి తాకి పవిత్రం చేశాడని అక్కడివాళ్ళ నమ్మకం, అందుకే వాటిలో కొంతైనా ఉంచాలని సుజేర్ అనుకున్నాడు. 1151లో ఆయన పోయాడు. మధ్యశాల కొత్తగా కట్టడం 1231లో మొదలై 1281కి గానీ పూర్తి కాలేదు. పద్యం జరిగినదాన్ని చెప్పడం లేదు, జరగాల్సినదాన్ని జరిగినట్టే చెబుతోంది. నా చదువు ఇది.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ ‘కొత్త వెలుగు’ అంటే కొత్త నిబంధన అని, క్రీస్తు అని చెబుతారు కదా? మీరు మరీ తాపీమేస్త్రీ లెక్కలోకి దించేశారేమో అనిపించింది.

జవాబు: ఆ అర్థం ఉందండీ, కాదనను. అదే చర్చి తలుపుల మీద వేయించిన మరో పద్యంలో “మందబుద్ధి పదార్థాల మీదుగానే సత్యానికి ఎక్కుతుంది” అని ఆయనే అన్నాడు. అందుకే మేస్త్రీ పనిని వదిలేసి పైఅర్థం ఒక్కటే తీసుకుంటే ఆయన మాటకే అన్యాయం అంటాను. ఆ వెలుగు ఊరికే రాలేదు. బలిపీఠం చుట్టూ రెండు వరసల నడవ, దాని అంచున చిన్న ప్రార్థన గదులు, వాటి మధ్య అడ్డుగోడలు బాగా తగ్గించేశారు. పైకప్పు బరువు మొనదేలిన కమానుల మీదుగా, రాతి బద్దల మీదుగా సన్నటి స్తంభాలకీ బయటి ఊతగోడలకీ దిగుతుంది కాబట్టి కిటికీల దగ్గర గోడకి మోసే పని పెద్దగా లేదు, అక్కడ రంగుటద్దాలు పెట్టారు. సుజేర్ వచనంలో దీన్ని “అద్భుతమైన, ఎడతెగని వెలుగు” అంటాడు. ఆ ‘ఎడతెగని’ అన్నది అడ్డుగోడలు లేవని చెప్పడమే కదా. అద్దాలు పాడైతే బాగుచేయడానికి ఒక పనివాణ్ణి ప్రత్యేకంగా పెట్టాడు కూడా. ఇంత పట్టించుకున్న మనిషి పద్యంలో గాజునీ రాయినీ మర్చిపోతాడా?

వ్యాఖ్య: చివరి పాదం వదిలేశారేం?

జవాబు: అవునండీ, అది వదలకూడదు. “మా కాలంలో పెరిగిన ఈ పని జరిగేటప్పుడు నడిపించినవాణ్ణి, సుజేర్‌గా ఉండినవాణ్ణి.” లాటిన్‌లో ‘క్వి సుగ్గేరుస్ ఎరామ్’. ఎరామ్ అంటే ‘ఉండినాను’, భూతకాలం. బతికుండగానే తన గురించి అలా రాసుకున్నాడు, తర్వాతెప్పుడో చదివేవాళ్ళ కాలంలోంచి. తెలుగులో ‘సుజేర్‌ని నేను’ అని వర్తమానంలో దింపితే చదవడానికి హాయిగానే ఉంటుంది గానీ పద్యం సగం పోతుంది. ‘ఉండినవాణ్ణి’ కంటే సహజంగా, ఛందస్సులో ఇమిడేలా ఎవరికైనా తడితే ఇక్కడ పెట్టండి. నాకైతే తేటగీతిలో కుదిరేలా ఉంది గానీ, ‘నడుమ’ దగ్గరే యతి కుదరడం లేదు.