ప్రొక్రస్టీస్ చేశాక కూడా సైజు తేడా కనిపిస్తోంది, ఎందుకు?

చిట్టెలుక_దవడ:
రెండు చోట్ల పట్టిన చిట్టెలుకల కింది దవడ ఎముకల ఫోటోలు తీసి, ఒక్కోదాని మీద 14 ల్యాండ్‌మార్కులు (ప్రతి ఎముకలోనూ అదే చోట పెట్టే గుర్తు బిందువులు) పెట్టాను. ప్రొక్రస్టీస్ (ఆ బిందువుల గుంపులన్నిటినీ ఒకదాని మీద ఒకటి సరిపోయేలా పేర్చే పద్ధతి) చేస్తే సైజు పోయి ఆకారమే మిగులుతుందని చదివాను. కానీ పీసీఏ (తేడాలు ఎక్కువగా ఉన్న దిశలను అక్షాలుగా చూపే పటం) గీస్తే మొదటి అక్షం మీద పెద్ద ఎముకలన్నీ ఒక కొసన, చిన్నవన్నీ ఇంకో కొసన చేరాయి. సాఫ్ట్‌వేర్ ఏమైనా తేడా కొట్టిందా? గైడ్ సార్ "ఇదంతా ఎందుకు, కాలిపర్‌తో పొడవు, ఎత్తు కొలిచెయ్" అంటున్నారు. త్వరలో ప్రెజెంటేషన్, టెన్షన్‌గా ఉంది.

కొలతబద్ద:
సాఫ్ట్‌వేర్ బాగానే ఉందండీ. ప్రొక్రస్టీస్ తీసేది మూడే: ఎముక ఎక్కడుంది, ఎటు తిరిగింది, ఎంత స్కేలులో ఉంది. సైజు పెరిగేకొద్దీ ఆకారం కూడా మారితే, ఆ మార్పు ఆకారంలోనే ఉండిపోతుంది. దాన్నే అలోమెట్రీ అంటారు. సెంట్రాయిడ్ సైజు (బిందువులు వాటి మధ్య బిందువు నుంచి ఎంత దూరంగా పరుచుకున్నాయో చెప్పే కొలత) లాగ్ తీసుకుని ఆకారాన్ని దానిమీద రిగ్రెస్ చేయండి, అంటే సైజుతో పాటు ఆకారం ఎలా మారుతుందో గీత గీసి చూడండి. ముందు రెండు చోట్ల గుంపులకూ ఆ గీత వాలు ఒకటేనా చూడాలి. ఒకటే అయితే ఉమ్మడి వాలు తీసేసి మిగిలినదాన్ని పోల్చవచ్చు. వేరైతే తీసేయకండి, మీరు రాయాల్సిన ఫలితమే అది! చాలామంది అక్కడ కూడా కళ్లు మూసుకుని "సైజు సరిచేశాం" అని రాసేస్తారు, చదివితే ఒళ్లు మండుతుంది.

ఇంకోటి. 14 బిందువులకు 28 నిరూపకాలు, అందులో 4 (స్థానానికి 2, తిరుగుడుకు 1, స్కేలుకు 1) ప్రొక్రస్టీస్‌కే పోతాయి, 24 మిగులుతాయి. నమూనాలు అంతకంటే బాగా ఎక్కువ ఉన్నాయా?

పుర్రెలగది:
కరోనాయిడ్ (దవడ వెనక భాగంలో పైకి పొడుచుకొచ్చే ముక్క) కొన మీద బిందువు పెట్టారా? సన్నటి ఎముక, శుభ్రం చేసేటప్పుడే విరుగుతుంది. విరిగినవి పక్కన పెట్టండి. తర్వాత కొన్ని ఎముకల మీద, పాత బిందువులు చూడకుండా, ఇంకో రోజు మళ్లీ పెట్టి చూడండి. రెండుసార్లకీ మధ్య తేడా గుంపుల తేడాకు దగ్గరగా వస్తే పీసీఏ ఎంత అందంగా ఉన్నా పనికిరాదు. ఎముక కెమెరాకు సమాంతరంగా పడుకోకపోయినా అంతే.

చిట్టెలుక_దవడ:
పెట్టాను, కొన్ని విరిగినవే. మరి కాలిపర్ సంగతి?

కొలతబద్ద:
సార్ మాట పూర్తిగా కొట్టిపారేయకండి. కొరికే బలం గురించి అడుగుతుంటే కీలు నుంచి ముందు పన్ను కొన దాకా, కీలు నుంచి కండరం అతుక్కునే చోటు దాకా ఉన్న దూరాలే సూటిగా పనికొస్తాయి. ఆకారం ఎక్కడ వంగిందో చూపాలంటే మాత్రం పొడవు, ఎత్తు చాలవు. ఆ రెండూ సమానంగా ఉండి వంపు వేరుగా ఉన్న దవడలు మీ ఫోటోల్లోనే దొరుకుతాయేమో వెతకండి, దొరికితే సార్‌కి అవే చూపించండి.