తాతగారి కెనానెట్‌తో ఓణీల ఫంక్షన్ ఫొటోలు తీయొచ్చా?

గుంటూరు_35: తాతగారి పెట్టెలో కెనాన్ కెనానెట్ క్యూఎల్17 జీ-3 ఫిల్మ్ కెమెరా దొరికింది. షట్టర్ అన్ని స్పీడుల్లోనూ కొడుతోంది, లెన్స్‌కి ఫంగస్ లేదు. బ్యాటరీ లేదు కాబట్టి వెలుతురు కొలిచే మీటరు ముల్లు కదలట్లేదు. వచ్చే నెల అరండల్‌పేటలో అక్క కూతురి ఓణీల ఫంక్షన్. ఫిల్మ్ మీద తీద్దామనుకుంటున్నా. ఏమంటారు?

బెజవాడ_స్టూడియో: వద్దు తమ్ముడూ. ఫిల్మ్ రోజుల్లో పెళ్లిళ్లు చేసినవాణ్ణి, చెప్తున్నా. రోలు, కడగటం, స్కాన్ కలిపి వెయ్యి దాటుతుంది, వచ్చేది 36 ఫొటోలు. పైగా రేంజ్‌ఫైండర్, ఫోకస్ చేత్తో కుదర్చాలి. మధ్యలో ఉన్న పసుపు గడిలో రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. నువ్వు కూర్చోబెట్టేలోపు పిల్ల తలమీద వేసిన అక్షింతలు కిందకి రాలిపోతాయి.

పాత_లెన్సు: బ్యాటరీ సంగతి ఎవరూ ఎత్తరేం? 1972 మోడల్ అది. 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి చేశారు, అవి ఇప్పుడు రావు. అదే సైజు 1.5 ఆల్కలైన్ వేస్తే మీటరు వెలుతురు ఎక్కువుందనుకుని అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురొచ్చే కన్నం, చిన్నది చేసేస్తుంది, వెలుతురు చాలక నెగటివ్ పల్చగా వస్తుంది. చెవి మిషన్‌కి వాడే 675 జింక్-ఎయిర్ తీసుకో, 1.4 వోల్టులు. సైజు చిన్నది, చుట్టూ రబ్బరు రింగు పెట్టాలి. స్టిక్కర్ పీకాక కొన్ని వారాలే పనిచేస్తుంది, ముందురోజు పీకు.

మిర్చియార్డు: ఫోన్‌లో తీసి ఫిల్టర్ వెయ్యన్నా 😂

బెజవాడ_స్టూడియో: బ్యాటరీ లేకపోయినా షట్టర్ మెకానికలే, మాన్యువల్‌లో, అంటే అన్నీ మనమే పెట్టుకుంటే, కొడుతుంది. ఎర్ర షామియానా కింద మొహాలన్నీ ఎర్రగా వస్తే ఏం చేస్తాడో అది చెప్పు.

పాత_లెన్సు: మాన్యువల్‌లో మీటరు పనిచేయదు, అందుకే బ్యాటరీ అంటున్నా. ఎండలో 400 ఫిల్మ్‌కి అపర్చర్ ఎఫ్16, షట్టర్ 1/500 అని కళ్లు మూసుకుని పెట్టొచ్చు. షామియానా నీడలో అపర్చర్ మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) తెరవాలా, నాలుగా? అక్కడే దెబ్బతింటాడు.

బెజవాడ_స్టూడియో: బ్యాటరీ, బ్యాటరీ, బ్యాటరీ! అయ్యా, నీ కాలర్ ఎప్పుడైనా పెళ్లివాళ్లు పట్టుకున్నారా? తెనాలిలో ఓ పెళ్లి రోలు ల్యాబువాళ్లు పాడుచేశారు. తలంబ్రాలు మొత్తం పోయాయి. తిట్లు తిన్నది నేను, రావాల్సిన డబ్బు వదులుకున్నదీ నేనే. మేం దిక్కులేక వాడాం ఫిల్మ్. మీకిది సరదా.

పాత_లెన్సు: సరదా అనకండి. మా అమ్మానాన్నల పెళ్లి నెగటివ్‌లు స్టూడియోవాళ్లే అట్టిపెట్టుకున్నారు. అమ్మ పోయాక పెద్ద ఫొటో వేయిద్దామని వెళ్తే ‘షాపు మారినప్పుడు పారేశాం’ అన్నారు. ఆల్బమ్‌లోవేమో చెమ్మకి అట్టకి అంటుకుపోయాయి. నెగటివ్ మన చేతిలో ఉండాలనేది అందుకే.

బెజవాడ_స్టూడియో: అందర్నీ ఒకే గాటన కట్టకు. వచ్చి పట్టుకెళ్లండి బాబూ అని మొత్తుకున్నా రానివాళ్లు ఎంతమందో.

బ్యారేజీ_గాలి: బయట ఎండ చాలదా, ఇక్కడ కూడానా?

కృష్ణలంక_రాణి: ఇంతకీ ఆ పిల్లని అడిగారా ఎవరైనా? నా ఓణీల ఫంక్షన్‌కి మా బాబాయ్ ఇలాగే కెమెరా ప్రయోగాలు చేశాడు. బరువు చీరతో చెమటలు కారుతుంటే ‘ఇంకొక్కటమ్మా’ అంటూనే ఉన్నాడు. ఆయనకి అన్నీ నచ్చాయి, నాకు ఒక్కటీ నచ్చలేదు.

బెజవాడ_స్టూడియో: నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే! ఫంక్షన్ పిల్లది, మేనమామది కాదు.

పాత_లెన్సు: మొదట్నుంచీ మీరు చెప్పింది డబ్బులూ అక్షింతలూ. పిల్లకి ఇవాళ నచ్చేది వేరు, నలభై ఏళ్ల తర్వాత వెతుక్కునేది వేరు.

కృష్ణలంక_రాణి: నేనేం వెతుక్కుంటానో మా బాబాయ్ కూడా ఇలాగే ఆయనే తేల్చేశాడు లెండి.

గుంటూరు_35: పిల్లని అడిగా. ‘నా ఫొటోలు ఎప్పుడొస్తాయి?’ అంది. రోలు కొరియర్లో హైదరాబాద్ వెళ్లి రావాలంటే, ‘అయితే అమ్మమ్మని తీసుకో మామయ్యా’ అంది. ఎలాగూ అక్కవాళ్లు వీడియోవాళ్లని మాట్లాడేశారట.

బెజవాడ_స్టూడియో: తెలివైన పిల్ల. అమ్మగారిని వరండాలో కూర్చోబెట్టు, ఎండలో వద్దు. రోలు ఎక్కించాక లీవర్ తిప్పినప్పుడల్లా ఎడమవైపు రివైండ్ నాబ్ కూడా తిరగాలి. తిరక్కపోతే లోపల ఫిల్మ్ కదలట్లేదని అర్థం, వెనక మూత తీసి మళ్లీ ఎక్కించుకో.