చంద్రుడి ముందు నుంచి అంతరిక్ష కేంద్రం దాటే అరసెకను: వీడియోలో గీతలా వస్తోంది, ఎలా సరిచేయాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. ఇంకో నాలుగు రోజుల్లో ఐఎస్‌ఎస్ (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం) చంద్రబింబం ముందు నుంచి వెళ్తుందని ట్రాన్సిట్ ఫైండర్ (ట్రాన్సిట్, అంటే ఇలా అడ్డంగా దాటడం, ఎప్పుడో చెప్పే) సైట్ చూపిస్తోంది. ఆ రోజు శుక్ల ఏకాదశి. సమయం సూర్యాస్తమయం అయిన 40 నిమిషాలకు. చంద్రుడు తూర్పు వైపున 62 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, దాటే వ్యవధి 0.58 సెకను. నా దగ్గర ఉన్నవి 127 మి.మీ. మాక్సుటోవ్ టెలిస్కోపు (ఫోకల్ లెంగ్త్ 1500 మి.మీ., ఎఫ్/12), ఏపీఎస్-సీ సైజు సెన్సర్ ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, ట్రాకింగ్ లేని మౌంట్. పోయినసారి 1/200 షట్టర్‌తో వీడియో తీస్తే మసక గీత మాత్రమే పడింది. ఈసారి నల్లటి నీడబొమ్మ స్పష్టంగా రావాలంటే ఏ సెట్టింగులు పెట్టాలి?

జవాబు:
గీత రావడానికి కారణం షట్టరేనండీ, ఫోకస్ కాదు. 62 డిగ్రీల ఎత్తులో స్టేషన్ మీకు సుమారు 475 కి.మీ. దూరంలో ఉంటుంది. దాని 109 మీటర్ల పొడవు అక్కడి నుంచి 47 ఆర్క్‌సెకన్లంతే (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) కనిపిస్తుంది. అది మాత్రం సెకనుకు దాదాపు 3200 ఆర్క్‌సెకన్ల వేగంతో పోతుంది. అంటే 1/200 షట్టర్ తెరిచి ఉన్నంతలో 16 ఆర్క్‌సెకన్లు జరిగిపోయింది, తన పొడవులో మూడో వంతు. ఇక ఆకారం ఎక్కడ మిగులుతుంది? 1/1600 పెడితే ఆ జరుగుడు 2 ఆర్క్‌సెకన్లకు తగ్గుతుంది. మీ స్కోపుతో 1080పీ వీడియోలో ఒక పిక్సెల్ సుమారు 1.6 ఆర్క్‌సెకన్లు కాబట్టి అది చాలు. అంతకంటే వేగం పెంచితే లాభం తక్కువ, ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచాల్సి వచ్చి నాయిస్ (బొమ్మలో గరుకు చుక్కలు) ఎక్కువ.

ఐఎస్‌ఓ లెక్క ఇలా: పౌర్ణమి చంద్రుడికి ఎఫ్/11, ఐఎస్‌ఓ 100, 1/100 సరిపోతుంది. మీ ఎఫ్/12కి 1/1600 పెడితే అది 1900 దాకా వస్తుంది. ఏకాదశి చంద్రుడి ఉపరితలం పౌర్ణమి నాటి కంటే రెండు మూడు రెట్లు మసక, కనుక లెక్క ప్రకారం 5000 దాటాలి. అయినా నా సలహా 3200 దగ్గర ఆగమనే. కారణం కింద చెబుతున్నాను.

మీరు నల్లటి నీడబొమ్మ కోసం చూస్తున్నారు. ఆ రోజు అది దొరకదు. చంద్రుడి మీద నీడబొమ్మ రావాలంటే స్టేషన్ భూమి నీడలో ఉండాలి. పౌర్ణమి నాడు చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంటాడు కాబట్టి ఆ వైపు 400 కి.మీ. ఎత్తులో ఉన్నది, చంద్రుడు మరీ దిగంతం దగ్గర లేకపోతే, నీడలోనే ఉంటుంది. మీ విషయంలో సూర్యుడు దిగంతానికి సుమారు 10 డిగ్రీలే కింద ఉంటాడు, స్టేషన్‌కు ఇంకా పట్టపగలే. చంద్రుడి నేల తన మీద పడ్డ వెలుతురులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పి పంపుతుంది. స్టేషన్ తెల్లటి మాడ్యూళ్లు, రేడియేటర్లు అంతకంటే చాలా ఎక్కువ పంపుతాయి. అందుకే చంద్రుడి కంటే స్టేషనే మెరుస్తూ కనిపించవచ్చు. చంద్రుడికి సరిపడా ఎక్స్‌పోజర్ పెడితే మాడ్యూళ్లు తెల్లగా మండిపోయి ముద్దవుతాయి. అందుకే చంద్రుణ్ణి కాస్త చీకటిగానే ఉంచండి. హిస్టోగ్రామ్ (కెమెరా తెర మీద వెలుతురు పంపిణీ చూపే గ్రాఫ్) కొస 60 శాతం దాటకూడదు. బింబంలో వెలుగు పడని వైపు నుంచి అది లోపలికి వస్తే ఇంకా బాగు, నల్లటి నేపథ్యం మీద నక్షత్రంలా మొదలై బింబం మీదికి ఎక్కుతుంది.

మరో జవాబు:
ఫ్రేమింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతాను. 1500 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌తో చంద్రబింబం సెన్సర్ మీద సగటున 13.6 మి.మీ. పడుతుంది. ఏపీఎస్-సీ సెన్సర్ ఎత్తు 14.9 మి.మీ., ఫొటోలో సరిపోతుంది. వీడియో 16:9కి మారగానే ఎత్తు 12.5కి పడిపోతుంది, పైనా కిందా తెగుతుంది. కంగారు పడక్కర్లేదు. సైట్‌లో ట్రాన్సిట్ దారి ఏ అంచు నుంచి ఏ అంచుకో బొమ్మ ఉంటుంది. ఆ దారి ఫ్రేమ్ పొడుగు వైపుకు సమాంతరంగా వచ్చేలా కెమెరాను తిప్పి బిగించండి. 4కే మాత్రం వద్దు. చాలా కెమెరాలు 4కేలో సెన్సర్ మధ్య భాగాన్నే వాడతాయి, బింబంలో మూడో వంతు పోతుంది.

ట్రాకింగ్ లేదన్నారు కదా. చంద్రుడు సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు జరుగుతాడు, అంటే అర నిమిషంలో పావు బింబం. కాబట్టి సమయానికి 30 సెకన్ల ముందు బింబాన్ని పావు వంతు వెనక్కి పెట్టి స్కోపు వదిలేయండి, అదే మధ్యలోకి వస్తుంది. తర్వాత చేయి తగలకూడదు. ఏ వైపు జారుతుందో ముందే ఒక నిమిషం చూసుకోండి, డయాగొనల్ (బొమ్మను పక్కకు మళ్లించే అద్దం) ఉంటే తారుమారుగా అనిపిస్తుంది.

60 ఎఫ్‌పీఎస్ పెడితే 35 ఫ్రేములు దొరుకుతాయి, 30లో 17. రికార్డింగ్ క్వాలిటీలో ఆల్-ఐ (ప్రతి ఫ్రేమ్‌నూ విడిగా భద్రపరిచే పద్ధతి) ఉంటే అదే ఎంచుకోండి. మిగతా కంప్రెషన్‌లో ఒక్కో ఫ్రేమ్‌లో మెరిసి మాయమయ్యేదాన్ని ముద్ద చేసే ప్రమాదం ఉంది. రోలింగ్ షట్టర్ (సెన్సర్‌ను ఒక్కో వరసగా చదవడం వల్ల కదిలేది వంగి కనిపించడం) గురించి భయపడేవాళ్లు చాలామంది, ఇక్కడ అది పెద్ద సమస్య కాదు. స్టేషన్ 30 వరసలు కూడా ఆక్రమించదు, అంతలో వచ్చే వంపు ఒక పిక్సెల్.

అడిగినవారు:
చాలా ధన్యవాదాలు. వీడియో బదులు బరస్ట్ ఫొటోలు (బటన్ నొక్కి పట్టి వరసగా తీసేవి) తీస్తే రిజల్యూషన్ ఎక్కువ కదా? సైట్ చెప్పిన సమయాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు:
రిజల్యూషన్ నిజమే. కానీ సెకనుకు 7 ఫొటోలు తీసే కెమెరాతో అర సెకనులో నాలుగే పడతాయి. ముందే నొక్కితే బఫర్ నిండి సరిగ్గా ఆ క్షణాన ఆగిపోతుంది. రెండో కెమెరా ఉంటే బరస్ట్‌కు అది పెట్టండి, ఉన్నది ఒక్కటే అయితే వీడియోనే.

నాలుగు రోజుల ముందు లెక్కను ఇప్పుడే ఖాయం అనుకోకండి. పై వాతావరణపు రాపిడి వల్ల కక్ష్య నెమ్మదిగా దిగుతుంది, మధ్యమధ్య రీబూస్ట్ చేసి ఎత్తు పెంచుతారు. అలాంటిది జరిగితే సెకన్లు మారతాయి. స్టేషన్ ఆలస్యమైతే ఆ లోపు భూమి తిరుగుతుంది (భూమధ్యరేఖ దగ్గర సెకనుకు 465 మీటర్లు), కాబట్టి నేల మీద ట్రాన్సిట్ కనిపించే దారి కూడా పక్కకు జరుగుతుంది. ముందు రోజు ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి సరిచూసుకోండి. మీ ట్రాన్సిట్‌కు దారి వెడల్పు 4 కి.మీ. పైనే. మధ్యగీత మీదే నిలబడాలని పట్టుబట్టక్కర్లేదు. కిలోమీటరు పక్కకు ఉన్నా వ్యవధి 12 శాతం దాకా తగ్గుతుంది, అంతే. మంచి చోటు, కదలని నేల ముఖ్యం.

గడియారం: ఫోన్‌లో జీపీఎస్ టైమ్ యాప్ వాడేవాళ్లు జాగ్రత్త. కొన్ని లీప్ సెకన్లు (భూమి తిరుగుడుకు సరిపోయేలా గడియారానికి కలిపే సెకన్లు) తీసేయకుండా చూపిస్తాయి, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే 18 సెకన్లు ముందుంటాయి. నిమిషం ముందు నుంచి రికార్డ్ చేస్తే ఈ బెంగ ఉండదు. కెమెరా మైక్ ఆన్‌లో ఉంచి ఎవరైనా సెకన్లు పైకి లెక్కపెడితే తర్వాత ఆ ఫ్రేములు వెతకడం తేలిక.

ఫోకస్‌కు వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గరి క్రేటర్లు చూడండి, అంచు కాదు. మాక్సుటోవ్ గొట్టాన్ని కనీసం ముప్పావుగంట ముందు బయట పెట్టి చల్లబడనివ్వండి. లేకపోతే లోపలి గాలి కదిలి బింబం మరుగుతున్నట్టు ఆడుతుంది.

మరో జవాబు:
తర్వాత పని: మొత్తం వీడియోను ఆటోస్టాకర్ట్‌లో (ఫ్రేములను ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీసే, అంటే స్టాక్ చేసే ప్రోగ్రామ్) వేస్తే స్టేషన్ సగటులో కొట్టుకుపోతుంది. చంద్రుణ్ణి విడిగా స్టాక్ చేసుకోండి, స్టేషన్ ఉన్న ఫ్రేములను దానిమీద వరసగా పెట్టండి. మీది మెరిసే స్టేషన్ కాబట్టి గింప్ (ఫొటోలు దిద్దే ప్రోగ్రామ్)లో లేయర్ మోడ్ లైటెన్. నీడబొమ్మ అయ్యుంటే డార్కెన్.

అడిగినవారు:
చివరిగా ఒకటి. ఇదే సెటప్‌తో సూర్యుడి ముందు వెళ్లేది కూడా తీయొచ్చా?

జవాబు:
తీయొచ్చు, అప్పుడు మీరు కోరిన నల్లబొమ్మే వస్తుంది. కానీ సోలార్ ఫిల్టర్ గొట్టం ముందు మూతికి బిగించాకే స్కోపును సూర్యుడి వైపు తిప్పాలి. ఐపీస్ దగ్గర పెట్టే చిన్న ఫిల్టర్లు వేడికి పగులుతాయి, వాటిని వాడొద్దు. ఫైండర్‌కు (గురి చూసే చిన్న దుర్బిణికి) కూడా మూత పెట్టండి.