ఊసరవెల్లి బోనులో ఏ మొక్కలు పెట్టొచ్చు?

నమస్కారమండీ, మాది విజయనగరం. దుబాయ్ వెళ్తూ మా తమ్ముడు తన ఊసరవెల్లిని నాకు అప్పగించాడు. మన తోటల్లో తిరిగే రకం కాదు, ఆ రకాన్ని పట్టి పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇది నెత్తిమీద కిరీటంలా ఎత్తుగా ఉండే యెమెన్ రకం. కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్‌లో నమోదు చేయించిన కాగితాలు కూడా ఉన్నాయి.

బోను 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, చుట్టూ జాలీ. ఇన్నాళ్లూ ప్లాస్టిక్ ఆకులే ఉన్నాయి. మొన్న చూద్దును కదా, ఒక ఆకు అంచు కొరికేసి ఉంది! ముక్క మింగిందేమోనని రెండు రోజులు ఒకటే టెన్షన్. ఈ రకం పురుగులతో పాటు ఆకులు కూడా తింటుందట. పైగా గిన్నెలో నీళ్లు పెడితే ముట్టదు, ఆకు కొసన వేలాడే బొట్టునే నాలుకతో అందుకుంటుంది. అందుకే నిజం మొక్కలు పెడదామనుకుంటున్నాను.

మందారం మంచిదన్నారు. పెరట్లో ఉంది కానీ "పూలు దేవుడికా, తొండకా?" అని మా అమ్మ గొణుగుడు. గన్నేరు, డైఫెన్‌బేకియా మొక్కలు విషం కాబట్టి వాటి జోలికి ఎలాగూ పోను. నా అనుమానమంతా మనీప్లాంట్ మీదే. చాలామంది పెడుతున్నారు, కానీ దాని ఆకులో నోరు మండించే కాల్షియం ఆక్సలేట్ ఉంటుంది కదా. కొరికితే పరవాలేదా? అరెకా పామ్ ఎవరైనా పెట్టి చూశారా?

ఇంకొకటి. ఇక్కడి నర్సరీకి మొక్కలు కడియం నుంచి వస్తాయి. కొట్టిన మందు పోవాలంటే ఆకులు కడిగి, మట్టి మార్చితే సరిపోతుందా, కొన్ని వారాలు బయటే ఉంచాలా? పెంచిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.