మానసిక ఆసుపత్రి అక్యూట్ వార్డులో (జబ్బు తీవ్రంగా ఉన్నవారిని ఉంచే వార్డు) రోగి పక్కన ఇంటి మనిషి ఉండి తీరాలా?

పెద్దన్న:
గత ఏడాది మా తమ్ముణ్ణి ఒక ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో చేర్చాల్సి వచ్చింది. నాలుగు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా, ఊరందరికీ మేడలు కట్టిస్తానంటూ తిరిగి, అడ్డువచ్చిన నాన్నను తోసేశాడు. పక్కన మనిషి ఉంటేనే చేర్చుకుంటామని ఓపీలోనే తేల్చి చెప్పారు. పదకొండు రోజులు వాడి మంచం పక్కన నేలమీద చాప పరుచుకుని పడుకున్నాను. అన్ని రోజుల కూలీ పోయింది. వైద్యులను తప్పుపట్టను, మందులు పనిచేశాయి. కానీ ఆ కాపలా ఇంటివాళ్ల బాధ్యతేనా? తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత సిస్టర్:
బాబూ, ఇంటి మనిషి ఉండాలనే నేను అంటాను. మాత్ర మింగినట్టే మింగి నాలుక కింద దాచుకునేవారు ఉంటారు కాబట్టి, ప్రతి పూటా నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసేవాళ్లం. అది పక్కనుండి చూసిన అన్నకు ఇంటికి వెళ్లాక ఎవరూ మళ్లీ నేర్పనక్కరలేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి కుటుంబాలను రోగులతో పాటు ఉంచారు. ఆ పద్ధతి మంచిదని ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. బంధువులు తప్పుడు చిరునామా రాయించి వెళ్లిపోతే, నయమైన తరువాత కూడా వరండాలో కూర్చుని గేటు వైపు చూసేవారిని నేను చూశాను. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని నవ్వులాటగా అనేవారికి ఆ వరండా తెలియదు.

నల్లకోటు:
సిస్టర్ గారి అనుభవాన్ని కాదనను. అయితే ఆ గుడారాల్లోని కుటుంబాలు చికిత్సలో భాగస్వాములే తప్ప జీతంలేని వార్డుబాయ్‌లు కారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ ప్రకారం, తన చికిత్స గురించి తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉన్న రోగిని అతని నామినేటెడ్ ప్రతినిధి (చికిత్స విషయంలో రోగి తరఫున నిలిచే వ్యక్తి) దరఖాస్తుపై 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. దరఖాస్తు పెట్టడం వేరు, రాత్రింబవళ్లు కాపలా ఉండడం వేరు. అత్యవసర స్థితిలో 94వ సెక్షన్ కింద 72 గంటల వరకు ఇచ్చే చికిత్సకు కూడా ప్రతినిధి అందుబాటులో ఉంటేనే ఆయన సమ్మతి అడగాలి. లేరని వైద్యం ఆపమనలేదు. పైగా ఆ ప్రతినిధిని తెల్లకాగితం మీద సంతకమో వేలిముద్రో వేసి రోగి తానే ఎంచుకోవచ్చు. భర్త చేతి దెబ్బలకు భయపడే స్త్రీ పక్కన అదే భర్తను కూర్చోబెడితే అది సంరక్షణ ఎలా అవుతుంది?

పెద్దన్న:
మొదట రాయడానికి సిగ్గుపడ్డ సంగతి ఒకటి ఉంది. మూడో రాత్రి రెండు గంటలకు వాడు సెలైన్ సూది పీకేసి కిటికీకి తల బాదుకుంటుంటే, వార్డు మొత్తానికి ఉన్న ఒక్క సిస్టరు వేరే మంచం దగ్గర ఉన్నారు. నా తువ్వాలుతో వాడి చేతిని మంచం కోడుకు కట్టేశాను. ఎవరూ కట్టమనలేదు, ఎవరూ విప్పమనలేదు. తెల్లారాక వాడి మణికట్టు మీద ఎర్రటి చార చూశాను. ఇప్పటికీ వాడు నా ముందు ఆ చేతిని వెనక్కి పెట్టుకుంటాడు.

నల్లకోటు:
97వ సెక్షన్ చెప్పేది సరిగ్గా దీని గురించే. తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే మార్గం లేనప్పుడే, బాధ్యుడైన సైకియాట్రిస్ట్ అనుమతితోనే కట్టాలి. ఎందుకు కట్టారో, ఎంతసేపు కట్టారో కేస్‌షీట్‌లో రాయాలి, ప్రతినిధికి 24 గంటల్లో తెలియజేయాలి. మీ తువ్వాలు ఏ కాగితం మీదా ఉండి ఉండదు.

విశ్రాంత సిస్టర్:
ఉండదు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అలాంటి తువ్వాళ్లను నేనూ చూసీ చూడనట్టు పోయాను. మందుల ట్రాలీ ఆపితే తరువాతి మంచానికి ఆలస్యమయ్యేది. ఇంటి మనిషి ఉంటే మేలన్న మాట మార్చుకోను గానీ, లేకపోతే చేర్చుకోబోమనడాన్ని మాత్రం సమర్థించలేను. మళ్లీ అలాంటి రాత్రి వస్తే, బాబూ, డ్యూటీ డాక్టరును నిద్రలేపించండి.